కామా దగ్గర ఆగకు

బుజ్జమ్మా,

సంక్రాంతికి వచ్చి వెళ్తూ నీ సంగీతం నోటుపుస్తకం ఇక్కడే మరిచిపోయావు. మంచం మీద దిండు కింద దొరికింది. అమ్మమ్మ దాన్ని పాలవాడి లెక్కల పుస్తకం అనుకుని రెండు రోజులు ఫ్రిజ్ మీద పెట్టింది. నిన్న ఫోన్లో నువ్వు "తాతయ్యా, కామా దగ్గర ఎంతసేపు ఆగాలి?" అని అడిగాక తీసి చూశాను. కామా వచ్చిన ప్రతిచోటా ఎర్ర ఇంకుతో చిన్న గీత గీసుకుని, పక్కన 'ఆగాలి' అని రాసుకున్నావు. నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదులే, నన్ను చూసుకుని. కామా దగ్గర ఆగాలని బళ్లో మీ అందరికీ చెప్పింది మేం తెలుగు మేష్టర్లమేగా!

నొటేషన్‌లో కామా అంటే ఆగమని కాదు తల్లీ, ఆగొద్దని. దాని ముందున్న స్వరాన్ని ఇంకో అక్షరకాలం అలాగే సాగదియ్యమని. సెమికోలన్ ఉంటే రెండు అక్షరకాలాలు. అక్కడ గొంతు తెగకూడదు, ఊపిరి విరగకూడదు. నీ ఎర్ర గీతలన్నీ తిరగేసి చదువుకో, సరిపోతుంది.

నీ పుస్తకం మొత్తం తిరగేశాక నాకొకటి అర్థమైంది. నిన్ను తికమక పెడుతున్నవి కొత్త మాటలు కావు, నీకు బాగా తెలిసిన పాత మాటలే. కామా, లఘువు, కాలం, సంగతి, ఇవన్నీ నీకు వచ్చినవే. వచ్చినవే కాబట్టి వాటిని ఎవర్నీ అడగవు. అడగవు కాబట్టి తప్పు అర్థంతోనే రోజులు గడిచిపోతాయి. నాకు అలా ఏళ్లు గడిచాయి. ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు నీకు ధైర్యం వచ్చే సంగతి. ఈ లిపిలో సగం నీకు అక్షరాభ్యాసం నాడే వచ్చేసింది. 'స' అని రాస్తే ఒక అక్షరకాలం, 'సా' అని రాస్తే రెండు. 'రి' ఒకటి, 'రీ' రెండు. అంతే. పద్యపాదానికి నిలువు గీతలు, గిన్నెలు పెట్టి గణాలు విడగొట్టావే, అందులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు. ఇదీ అదే లెక్క. ఇంగ్లీషు అక్షరాల్లో స్వరం రాసుకునేవాళ్లు పొట్టి స్వరానికి చిన్న ఎస్సు, పొడుగు స్వరానికి పెద్ద ఎస్సు అని పెట్టుకుని తంటాలు పడతారు. మనకు దీర్ఘాలే కొలతలు. ఇప్పుడు 'సా' పక్కన ఒక కామా ఉంటే ఎంత? మూడు. సెమికోలన్ ఉంటే? నాలుగు. చూశావా, లెక్కలు నాకు రావని ఏడ్చే పిల్లవి, ఎంత తొందరగా చెప్పావో!

ఇక 'లఘువు' దగ్గర జాగ్రత్త. పద్యంలో లఘువంటే ఒక్క మాత్ర. తాళంలో లఘువంటే ఒక్కటి కాదు. చతురస్ర జాతిలో నాలుగు అక్షరాలు, తిశ్రంలో మూడు, ఖండంలో అయిదు, మిశ్రంలో ఏడు, సంకీర్ణంలో తొమ్మిది. పేరు ఒకటే, ఒళ్లు వేరు. నువ్వు రోజూ వేసే ఆదితాళం ఒక చతురస్ర లఘువు, రెండు ద్రుతాలు. ద్రుతానికి రెండేసి. నాలుగూ రెండూ రెండూ ఎనిమిది. చేత్తో అయితే ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బా విసురు, దెబ్బా విసురు. నీ పుస్తకంలో 'స రి గ మ' తర్వాత ఒక నిలువు గీత, 'ప ద' తర్వాత ఇంకొకటి, 'ని స' తర్వాత జంట గీత ఉన్నాయి కదా, ఆ గీతలు చూసి ఆగేవి కావు. చెయ్యి ఇప్పుడు ఎక్కడుందో చెప్పే గుర్తులు. జంట గీతతో ఒక ఆవర్తనం పూర్తయింది. మళ్లీ దెబ్బతో మొదలు. ధ్రువం, మఠ్యం, రూపకం, ఝంప, త్రిపుట, అట, ఏకం అని తాళాలు ఏడు, జాతులు అయిదు, వెరసి ముప్ఫయి అయిదు. అవన్నీ ఇప్పుడే బట్టీ పట్టకు. పరీక్షకి కావాలంటే ముందురోజు పట్టుకోవచ్చు.

కాలం అనే మాట కూడా అంతే. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అంటే తాళం వేగం పెరుగుతుందని నువ్వు అనుకుంటున్నావేమో. తాళం కదలదు. చెయ్యి అదే నడక నడుస్తుంది. సరళీ వరసల్లో దెబ్బకి ఒక స్వరం పడే చోట రెండు పడతాయి, తర్వాత నాలుగు. కీర్తనల్లో స్వరాల నెత్తిన అడ్డగీత గీస్తే అక్కడ కాలం సగమైందని గుర్తు, రెండు గీతలయితే అందులో సగం. ఇంక చుక్కలు. అక్షరం పైన చుక్క తారస్థాయి, కింద చుక్క మంద్రస్థాయి. జిరాక్స్ కాయితాలని నమ్మకు. ఆ మిషన్ ముందు మింగేది చుక్కల్నే. చుక్క పోతే పైకి ఎగరాల్సిన పాట బావిలో పడుతుంది.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. నువ్వు పేజీ నెత్తిన ఉన్నదాన్ని వదిలేసి నేరుగా స్వరాల్లోకి దూకుతున్నావు. చిరునామా చదవకుండా కవరు చింపినట్టు. అక్కడ రాగం పేరు, తాళం పేరు, ఆరోహణ, అవరోహణ ఉంటాయి. అవి లేకపోతే కింద ఉన్న 'రి' ఏ రిషభమో బ్రహ్మకి కూడా తెలియదు. రిషభాలు మూడు, శుద్ధ, చతుశ్శ్రుతి, షట్శ్రుతి. గాంధారాలు మూడు, మధ్యమాలు రెండు, ధైవతాలు మూడు, నిషాదాలు మూడు. షడ్జమం, పంచమం కదలనివి. పేర్లన్నీ కూడితే పదహారు. కానీ హార్మోనియం మీద ఒక స్థాయిలో మెట్లు పన్నెండే. మరి మిగిలిన నాలుగు ఎక్కడున్నాయి? ఎక్కడా లేవు. ఒక్క మెట్టుకే రెండు పేర్లు. చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకటే చోటు. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకటే చోటు. మీ నాన్న చిలకలూరిపేటలో అల్లుడు, నరసరావుపేటలో కొడుకు. మనిషి ఒకడే కదా. ఏ ఊళ్లో ఉన్నాడో తెలిస్తేనే ఏమని పిలవాలో తెలుస్తుంది. ఆ ఊరి పేరే రాగం.

రాగం పేర్లలోనూ లెక్క దాచిపెట్టారు మన పెద్దలు. నువ్వు సరళీ వరసలు పాడే మాయామాళవగౌళ ఉంది కదా. 'మ' పవర్గంలో అయిదో అక్షరం. 'య' యరలవల్లో మొదటిది. అయిదూ ఒకటీ, తిరగేస్తే పదిహేను. డెబ్భయి రెండు మేళకర్తల్లో అది పదిహేనోది. మొదటి ముప్ఫయి ఆరూ శుద్ధ మధ్యమం రాగాలు కాబట్టి ఇందులో మధ్యమం శుద్ధమని పేరు వింటూనే తెలిసిపోతుంది. మేచకల్యాణికి నువ్వే చెయ్యి. 'మ' అయిదు, 'చ' కవర్గం నుంచి లెక్కపెడితే ఆరు, తిరగేస్తే అరవై అయిదు. ముప్ఫయి ఆరు దాటింది కాబట్టి ఇందులో ఉండేది రెండో మధ్యమం, దాని పేరు ప్రతి మధ్యమం. దీన్ని కటపయాది అంటారు. సంగీతం రాకపోయినా వర్ణమాల వచ్చినవాడికి ఇది ఆటే. నాకు ఆ ఆట మాత్రమే బాగా వచ్చింది, ఒప్పుకుంటాను.

ఇవేవో కచేరీ పండితుల పుస్తకాలకే పరిమితం అనుకోకు. మన వీధి చివర చర్చిలో వాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిచి చూడు, చాలా కీర్తనల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. నీ పుస్తకంలోని మాటలే.

నీకు మన ఊరి మనిషి గురించి చెప్పాలి. ఎన్నార్టీ సెంటర్లో నిలబడి అడిగితే ఇవాళ ఎంతమందికి తెలుసో గానీ, షేక్ ఆదం సాహెబ్ అని నాదస్వర విద్వాంసుడు చిలకలూరిపేట వారు. ఒంగోలు దగ్గర కరవది నుంచి ఒక కుర్రాడు తండ్రి కాసిం సాహెబ్ దగ్గర మొదలుపెట్టి, తర్వాత ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నాడు. ఆ కుర్రాడే షేక్ చినమౌలానా. 1924లో పుట్టారు. ఆ తర్వాత తమిళదేశం వెళ్లి నాచియార్‌కోయిల్ సోదరుల దగ్గర తంజావూరు బాణీ పట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. మరుసటి ఏడు పోయారు. 2020లో పద్మశ్రీ వచ్చిన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులు ఆయన శిష్యులే. నమాజు చేసుకునే ఇళ్లలోంచి గుడి మేళం నడిచిన నేల మనది. అప్పుడు మనది గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు.

నాదస్వరం ఎప్పుడైనా దగ్గర్నించి చూశావా? వేళ్లతో మూసే రంధ్రాలు ఏడే. కింద ఇంకో అయిదు ఉంటాయి గానీ అవి వేళ్లకి కావు, మైనంతో మూసి శ్రుతి సరిచేసుకోవడానికి. మరి ఏడు రంధ్రాల్లో పన్నెండు స్థానాలు ఎలా పలుకుతాయి? ఒకే రంధ్రం దగ్గర వేలు సగం ఎత్తుతారు, పావు ఎత్తుతారు, పెదవి బిగిస్తారు, ఊపిరి తగ్గిస్తారు. రంధ్రం 'రి' అంటుంది. ఏ రిషభమో, ఊగాలో నిలవాలో ఊపిరి చెప్తుంది. నీ నోటుపుస్తకంలో 'రి' కూడా ఒక రంధ్రమే. దాన్ని చదివి సంగీతం వచ్చేసిందనుకుంటే వెదురు కొని వేణువు వచ్చిందనుకున్నట్టే.

అలాగని రాత పనికిరాదని చెప్పే ముసలాళ్ల మాటా వినకు. "మా కాలంలో పుస్తకాలున్నాయా, అంతా గురుముఖతా" అని గొప్పలు పోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రాసినవాళ్లు లేకపోతే వాళ్లకి పాడుకోవడానికి కొన్ని పాటలు మిగిలేవే కావు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ఆయన తన కూతురి కొడుకు సుబ్బరామ దీక్షితుల్నే దత్తు తీసుకున్నారు. ఆ సుబ్బరామ దీక్షితులు ముసలితనంలో కూర్చుని ఇంట్లో వచ్చిన విద్యనంతా స్వరపరిచి రాశారు. సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో అచ్చయింది. ఏ లిపిలో అనుకున్నావు? తెలుగులో! ఆయనకి ఈ పని మీద మనసు మళ్లేలా వెంటపడినవాడు చిన్నస్వామి ముదలియార్. ఆయన మన కృతుల్ని దొరల అయిదు గీతల నొటేషన్‌లోకి ఎక్కించాలని తపనపడిన మనిషి.

ఆ పుస్తకంలో నాకు నచ్చేది ఏమిటంటే, సుబ్బరామ దీక్షితులు ఉత్త స్వరాలతో సరిపెట్టుకోలేదు. స్వరం నెత్తిన గమకం గుర్తులు పెట్టారు. ఊగే స్వరానికి అలగీత, కిందనుంచి పైకి జారేదానికి ఒక వాలుగీత, పైనుంచి కిందికి జారేదానికి ఇంకో వాలుగీత, ఇలా. అక్షరం చాలదని ఆయనకి తెలుసు. చాలదని తెలిసీ మానలేదు, గుర్తులు కనిపెట్టుకున్నారు. నువ్వూ అదే చెయ్యి. మీ టీచరుగారు 'గా' దగ్గర గొంతు ఎలా ఊపారో విని, నీకు తోచిన గుర్తు ఒకటి పెట్టుకో. పాము బొమ్మ గీసుకున్నా సరే. పెన్సిల్‌తో మాత్రమే. సంగీతం పుస్తకంలో పెన్ను వాడకు. వచ్చే ఏడాది నీ చెవి మారుతుంది, అప్పుడు చెరిపి దిద్దుకోవాలి.

ఇప్పుడు నా కథ. ముప్ఫయి దాటాక నాకు వయొలిన్ పిచ్చి పట్టింది. సాయంత్రం బడి అయ్యాక వెళ్లి నేర్చుకునేవాణ్ని. గురువుగారు మంచివారే గానీ ఎందుకు, ఏమిటి అని అడిగితే ఆయనకి చిరాకు. నేను పుస్తకంలోంచి సొంతంగా కీర్తన చదివి వాయించేసుకోగలననే గర్వంలో పడ్డాను. దసరా నవరాత్రుల్లో ఒక గుళ్లో నాకు పావుగంట ఇచ్చారు. కీర్తన పల్లవి మొదట్లో, మొదటి స్వరానికి ముందే, ఒక సెమికోలనూ ఒక కామా ఉన్నాయి. మాట మొదలవకముందే విరామ చిహ్నమా! పదో తరగతి కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన చెయ్యి కదా. అచ్చుతప్పని కొట్టేశాను. ఎర్ర ఇంకుతోనే.

అవి అచ్చుతప్పులు కావమ్మా. తాళం దెబ్బ పడ్డాక ముప్పావు వంతు గడిచాకే పాట ఎత్తుకోవాలని వాటి అర్థం. ఒక్కో దెబ్బకి నాలుగేసి అక్షరాల లెక్కలో సెమికోలన్ రెండు, కామా ఒకటి, మూడు పోయాక నాలుగోదాని మీద సాహిత్యం మొదలు. తాళంతోపాటే పాట మొదలైతే సమం, తాళం ముందు మొదలై పాట తర్వాత వస్తే అనాగతం, పాటే ముందు వస్తే అతీతం. ఇంత కథ ఉందని నాకు తెలియదు. దెబ్బ మీదే ఎత్తుకున్నాను. మృదంగం ఆయన ఒకసారి నా వైపు చూశాడు. రెండో ఆవర్తనానికి పెద్దగా చూశాడు. మూడోదానికి ఆయనే నా తప్పుకి తగ్గట్టు వాయించడం మొదలుపెట్టాడు. అది ఇంకా అవమానం. కిందకి దిగాక పన్నెండేళ్ల పిల్లాడొకడు వచ్చి "మాస్టారూ, ఎడుపు మార్చారేంటి?" అని అడిగాడు. ఎడుపు అంటే పాట ఎత్తుకునే చోటని తెలియక "మార్చాను" అన్నాను.

కాబట్టి ఒక్కచోట మాత్రం కామా అంటే నిజంగానే ఆగడం. సాగదియ్యడానికి ముందు స్వరమేమీ లేనిచోట, పాట గడప బయట. అక్కడ కూడా ఊరికే ఆగడం కాదు, లెక్కపెడుతూ ఆగడం. కొత్త పాట మొదలుపెట్టేముందు టీచరుగార్ని మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: "ఎత్తుగడ ఎక్కడండీ?" అడగడానికి సిగ్గుపడకు.

సంగతి అన్నాను కదా, అదీ చెప్పేస్తాను. పుస్తకంలో పల్లవి ఒకటే పంక్తి అయిదుసార్లు రాసి ఉంటే టీచరు పేజీలు నింపడానికి రాయించారని నువ్వు చివరిది ఒక్కటే నేర్చుకున్నావట. మీ అమ్మ చెప్పింది. అవి సంగతులు. మాట అదే, నడక ఒక్కో మెట్టు ఎక్కుతూ మారుతుంది. మొదటిది సాదాగా ఉండబట్టే అయిదోది అందంగా వినపడుతుంది. అయిదోదానితో మొదలుపెడితే పెళ్లికూతురు వంటింట్లోంచి పట్టుచీరతో వచ్చినట్టు ఉంటుంది.

నీ కీబోర్డు సంగతి. దాని మీద సీ, డీ, ఈ అని అంటించుకున్న చీటీలు చూశాను. ఆ పేర్లు కదలవు. మన 'స' కదులుతుంది. ఒకటో శ్రుతి అంటే సీ దగ్గర, అయిదు అంటే జీ దగ్గర నీ షడ్జమం పెట్టుకుంటావు. అక్కణ్ణించి మిగతావన్నీ కొలుచుకుంటావు. దొరల లిపిలో అయిదు గీతల మీద చుక్క ఎక్కడుందో ఎత్తు చెప్తుంది, చుక్క ఆకారం పొడుగు చెప్తుంది. అది ఎంతో బాగున్న పద్ధతే, వేర్వేరు వాద్యాలు ఒకేసారి వేర్వేరు వరసలు వాయించడానికి దాన్ని మించింది లేదు. కుదిరితే తర్వాత నేర్చుకో. ఇప్పుడు మాత్రం ఒక్కటే శ్రుతి పట్టుకో, రోజూ మార్చకు. ఏ శ్రుతిలో పాడుతున్నావో పుస్తకం మొదటి పేజీలో రాసుకో.

ఇంకో మాట. క్లాసులో ముందు పాట విను. ఇంటికొచ్చి, పుస్తకం మూసి, గుర్తున్నంత వరకు స్వరం నువ్వే రాయి. తర్వాత టీచరు రాయించిన దానితో పోల్చు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే నీ చెవికి పని ఉంది. మొబైల్లో రికార్డు చేసుకుంటున్నావట, మంచిదే. కానీ రికార్డు ఉందిలే అని రాయడం మానేస్తే, తర్వాత వింటాంలే అని వినడం కూడా మానేస్తావు. నా ఫోన్లో అలాంటివి నూటికి పైగా ఉన్నాయి.

అమ్మమ్మని చూడు. జన్మలో నొటేషన్ మొహం చూడలేదు. హారతి పాటలు పది పన్నెండు వచ్చు, ఒక్కదానికీ తాళం తప్పదు. నిన్న నేను నీ పద్నాలుగో పేజీ తీసి కూనిరాగం తీస్తుంటే వంటింట్లోంచే "అక్కడ తెంపకండి, సాగుతుంది అది" అంది. ఎలా తెలిసిందే అంటే, "పిల్ల సంక్రాంతికి పాడింది కదా" అంది. నువ్వు ఆగావు గానీ, పాట ఆగకూడదని ఆవిడ చెవికి తెలిసింది.

ఎదురింటి అబ్బాయి సోమవారం హైదరాబాదు వస్తున్నాడు, పుస్తకం అతనితో పంపిస్తాను. నీ ఎర్ర గీతలు చెరపలేదు, ఇంకు కదా, చెరగదు. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో చిన్న బాణం గుర్తు పెట్టాను, ముందుకి. ఈలోగా ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. పద్నాలుగో పేజీ ఫొటో తీసి పంపుతాను. రెండో వరసలో 'మా' తర్వాత రెండు కామాలున్నాయి చూడు, అక్కడిదాకా పాడితే చాలు. తాళం అమ్మమ్మ వేస్తానంది.

మీ తాతయ్య
చిలకలూరిపేట